24 వోల్టుల పీడీ బోర్డును 48 వోల్టుల బ్యాటరీ ఆటోకి పెట్టొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య బ్యాటరీ ఆటో నడుపుతాడు. 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలు నాలుగు, మొత్తం 48 వోల్టులు. ఎక్కేవాళ్ల ఫోన్లకీ, బండి ఖాళీగా ఉన్నప్పుడు నా 65 వాట్ల లాప్‌టాప్‌కీ ఛార్జింగ్ పెట్టుకోవచ్చని ఒక టైప్-సీ పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) బోర్డు కొన్నాను. దాని మీద ‘ఇన్‌పుట్ 12-24 వోల్టులు’ అని ఉంది. దీన్ని 48కి ఎలా మార్చాలి? షాపులో అడిగితే ఇన్‌పుట్ దగ్గరి కెపాసిటర్ పీకేసి 63 వోల్టులది వేస్తే చాలన్నారు. ఆటో మెకానిక్ మాత్రం రెండు బ్యాటరీల మధ్య నుంచి 24 వోల్టులు లాగెయ్యమంటున్నాడు. ఏది మంచిది?
– ఈసీఈ డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: రెండూ వద్దండి. కెపాసిటర్ ఒక్కటే మారిస్తే బోర్డు కాలిపోతుంది, దాంతోపాటు మీ లాప్‌టాప్ కూడా పోవచ్చు. మధ్యలోంచి లాగితే మీ అన్నయ్య బ్యాటరీలు పాడవుతాయి. మీ బోర్డును ఉన్నది ఉన్నట్టే ఉంచి, దానికి ముందు 48ని 24కి దించే డీసీ-డీసీ కన్వర్టర్ ఒకటి పెట్టండి. నా సలహా ఇంతే. కానీ మీరు చదువుతున్నది ఈసీఈ కాబట్టి, ఎందుకో కూడా తెలుసుకోవాలి.

ముందుగా, పీడీ అన్నదంతా అవుట్‌పుట్ వైపు వ్యవహారం. ఫోన్ గుచ్చగానే ఛార్జరు, ఫోను కేబుల్‌లోని సీసీ అనే సంకేతాల వైరు మీద మాట్లాడుకుంటాయి. ‘నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులు ఉన్నాయి’ అని ఛార్జరు చెబుతుంది, ‘నాకు 9 ఇవ్వు’ అని ఫోను అడుగుతుంది. అప్పుడు ఛార్జరు తన అవుట్‌పుట్‌ను 9కి పెంచుతుంది. ఈ మాటల్లో బ్యాటరీ 12 వోల్టులా, 48 వోల్టులా అన్న ప్రస్తావన ఎక్కడా రాదు. మీ బోర్డులో మాట్లాడే భాగం 20 వోల్టులకు మించి చూడదు. కష్టమంతా పైనుంచి వచ్చే వోల్టేజిని కిందికి దించే భాగానిదే. మీ దగ్గరున్న లాంటి చిన్న బోర్డుల్లో ఈ రెండు పనులూ ఒకే ఐసీ (చిప్) చేస్తుంది. అందుకే ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని మాత్రం మార్చడానికి వీలుండదు. 2021లో వచ్చిన పీడీ 3.1లో 28, 36, 48 వోల్టులు కూడా చేరాయి కదా అని కొందరు తికమకపడుతున్నారు. అవి కేబుల్‌లోకి వెళ్లే వోల్టేజీలు. మీ ఆటో బ్యాటరీకీ వాటికీ సంబంధం లేదు.

ఇప్పుడు కెపాసిటర్ సంగతి. 48 వోల్టుల బ్యాటరీ సెట్టు ఎప్పుడూ 48 దగ్గర ఉండదు. బాగా దిగిపోయినప్పుడు 42 దగ్గర ఉంటుంది, ఛార్జింగ్ చివర్లో 57.6 దాకా, ఒక్కోసారి ఇంకాస్త పైకి పోతుంది. మోటారు కంట్రోలర్ వల్ల వచ్చే స్పైకులు, అంటే క్షణంపాటు ఎగిసే వోల్టేజి, దీనికి అదనం. కాబట్టి మనం లెక్క వేసుకోవాల్సింది 58కి, దాని మీద కొంత జాగ్రత్తకి. 63 వోల్టుల కెపాసిటర్ అంటే అంచు మీద నిలబెట్టినట్టే.

అయినా అసలు ఇబ్బంది ఆ కెపాసిటర్ కాదు. బోర్డును చేతిలోకి తీసుకుని చూడండి. ఇన్‌పుట్ దగ్గర నిలబడి ఉన్న డబ్బా కెపాసిటర్ మీద 35 వోల్టులు అని అచ్చు కనిపిస్తుంది కాబట్టి అందరి కన్నూ దాని మీదే పడుతుంది. దాని పక్కనే ఐసీకి ఆనుకుని గోధుమ రంగు సిరామిక్ కెపాసిటర్లు రెండు మూడు ఉంటాయి. వాటి మీద ఏమీ రాసి ఉండదు. అవి 50 వోల్టులవో, అంతకంటే తక్కువవో చూసి చెప్పలేం. పైగా ఈ రకం సిరామిక్‌ల మీద వోల్టేజి పెరిగేకొద్దీ వాటి కెపాసిటెన్సు పడిపోతుంది. 10 మైక్రోఫారడ్ అని కొన్నది రేటింగుకు దగ్గరగా వాడితే సగం కూడా పని చేయకపోవచ్చు.

ఆ తర్వాత ఐసీ. ఇలాంటి కార్ ఛార్జర్ ఐసీలు చాలావరకు 30 వోల్టుల చుట్టుపక్కల ఆగిపోతాయి. మీ ఐసీ మీది నంబరు భూతద్దంతో చదివి, డేటాషీట్‌లో ‘తట్టుకోగల గరిష్ఠ విలువలు’ అన్న పట్టిక చూడండి. అందులో ఇన్‌పుట్ పిన్ను ఒక్కటే చూసి వదిలేయకండి. కాయిల్‌కి వెళ్లే స్విచ్ పిన్ను ఉంటుంది, అది సెకనుకు లక్షసార్లకు పైగా సున్నా నుంచి పూర్తి ఇన్‌పుట్ వోల్టేజి దాకా ఎగిరి దిగుతూ ఉంటుంది. దాని పక్కన బూట్‌స్ట్రాప్ పిన్ను ఉంటుంది, అది దానికంటే ఇంకో 5 వోల్టులు పైకి పోతుంది. ‘ఐసీ ఇన్‌పుట్ పిన్నుకి జీనర్ డయోడ్ పెట్టి తగ్గిద్దాం, మాస్‌ఫెట్‌కి (స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్‌కి) మాత్రం 48 ఇద్దాం’ అనే ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. స్విచ్ పిన్ను దగ్గరే అది ఆగిపోతుంది. ఎందుకంటే ఆ పిన్ను ఐసీ లోపలిదే, దాని మీదికి 58 వోల్టులు వచ్చి తీరతాయి.

కాయిల్ గురించి ఎవరూ చెప్పరు, నేను కాస్త ఎక్కువే చెబుతాను. స్విచ్ ఆన్ అయిన ప్రతిసారీ కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది, ఆఫ్ అయినప్పుడు తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గునే రిపుల్ అంటాం. మీ బోర్డులో కాయిల్ 22 మైక్రోహెన్రీలు, స్విచింగ్ వేగం 150 కిలోహెర్ట్జ్ అనుకుందాం. 24 వోల్టుల నుంచి 20 చేస్తున్నప్పుడు రిపుల్ దాదాపు 1 ఆంపియర్. 58 నుంచి 20 చేస్తే దాదాపు 4 ఆంపియర్లు. కాయిల్ అదే, లోడ్ అదే, రిపుల్ మాత్రం నాలుగింతలు. లాప్‌టాప్ 3.25 ఆంపియర్లు లాగుతుంటే ఇదివరకు కాయిల్ శిఖరం 3.75 దగ్గర ఉండేది, ఇప్పుడు 5.25కి చేరింది. 4.5 ఆంపియర్లకు చేసిన ఫెర్రైట్ కోర్ అక్కడ సాచురేట్ అవుతుంది. ఆ తర్వాత అది కాయిల్‌లా కాదు, ఉత్త తీగలా ప్రవర్తిస్తుంది, భారమంతా మాస్‌ఫెట్ మీద పడుతుంది. అంటే వోల్టేజి రేటింగులన్నీ సరిచేసినా, పాత కాయిల్‌తో ఈ సర్క్యూట్ నిలవదు.

ఇక అన్నిటికంటే భయపడాల్సింది, పై మాస్‌ఫెట్ (బ్యాటరీ వైపుది) పోయినప్పుడు ఏమవుతుందన్నది. మాస్‌ఫెట్ పోతే చాలాసార్లు షార్ట్ అయి పోతుంది. అప్పుడు బ్యాటరీ వోల్టేజి కాయిల్ గుండా నేరుగా టైప్-సీ సాకెట్లోకి వచ్చేస్తుంది. 12 వోల్టుల కారులో అలా జరిగితే ఫోన్ బతికే అవకాశం ఉంది, ఎందుకంటే చాలా ఫోన్లలో 20 వోల్టుల దాకా తట్టుకునే రక్షణ ఉంటుంది. 58 వోల్టులు వస్తే ఏ ఫోనూ మిగలదు. ఆటోలో ఆ ఫోను ఎవరిదో ప్రయాణికుడిది. అందుకే ఈ విషయంలో నేను కచ్చితంగా ఉంటాను.

మెకానిక్ చెప్పిన దారి పైకి తేలిగ్గా కనిపిస్తుంది, పని చేస్తుంది కూడా. అదే దాంతో చిక్కు. కింది రెండు బ్యాటరీల నుంచి 24 వోల్టులు తీసి లాప్‌టాప్ నడిపితే దాదాపు 3 ఆంపియర్లు పోతాయి. రోజుకు 4 గంటలనుకుంటే 12 ఆంపియర్-అవర్లు ఆ రెండింటి నుంచే తగ్గుతాయి, పై రెండింటి నుంచి తగ్గవు. రాత్రి ఛార్జర్ పెడితే నాలుగూ సీరీస్‌లో ఉన్నాయి కాబట్టి అన్నింటికీ ఒకే కరెంటు వెళ్తుంది. పై రెండూ ముందే నిండిపోయి ఉడుకుతుంటాయి, వాటిలో నీళ్లు తగ్గిపోతాయి. కింది రెండూ నిండకుండానే మిగిలిపోతాయి. ఛార్జర్ చూసేది మొత్తం 57.6 వచ్చిందా లేదా అన్నదే, లోపల ఎవరి వాటా ఎంతో దానికి తెలియదు. ఈ తేడా రోజూ పేరుకుంటుంది. సగం నిండి ఉండిపోయిన లెడ్-యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. కొన్నాళ్లకు మీ అన్నయ్య ‘బండి మునుపటిలా దూరం రావట్లేదు’ అంటాడు. అప్పుడు ఎవరూ యూఎస్‌బీ బోర్డును అనుమానించరు. సెట్టులో ఒకటి రెండు పోయినా నాలుగూ మార్చాల్సి వస్తుంది, ఆ డబ్బు ఆయన సంపాదనలోంచే పోతుంది. అదే పై రెండు బ్యాటరీల నుంచి లాగితే ఇంకో ప్రమాదం. మీ బోర్డు నెగెటివ్ బండి నెగెటివ్ కంటే 24 వోల్టులు పైన ఉంటుంది. ఫోన్ కేబుల్ కొన మీది లోహపు తొడుగు మ్యూజిక్ సిస్టమ్ వైరుకో, దానికి కలిసిన ఇనుముకో తగిలితే అక్కడే షార్ట్.

కాబట్టి ముందు కన్వర్టర్, తర్వాత మీ బోర్డు. అయితే ఏదైనా కొనే ముందు ఆటోలో డ్యాష్‌బోర్డు కిందో, సీటు కిందో చూడండి. చాలా బ్యాటరీ ఆటోల్లో హెడ్‌లైటుకీ హారన్‌కీ 48 నుంచి 12 వోల్టులు చేసే కన్వర్టర్ ఇప్పటికే ఉంటుంది. మీకు కావాల్సింది ప్రయాణికుల ఫోన్లకే అయితే మీ బోర్డును దానికి కలిపితే సరిపోతుంది. 20 వాట్ల ఫోన్ ఛార్జింగ్‌కి 12 వోల్టుల వైపు 2 ఆంపియర్ల లోపే పడుతుంది. లైటు, హారన్ వేసినా ఆ కన్వర్టర్‌కి అంత మిగులు ఉందో లేదో ఒకసారి దాని మీద రాసింది చూడండి, చాలు.

లాప్‌టాప్‌కి మాత్రం అది కుదరదు. మీ బోర్డు వోల్టేజిని దించగలదే తప్ప పెంచలేదు. 12 ఇస్తే 9 ఇవ్వగలదు, 20 ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే కన్వర్టర్ అవుట్‌పుట్ 24 వోల్టులు ఉండాలి. మీ బోర్డు మీద రాసిన హద్దులోనే ఉంటుంది, 20కి పైన కాస్త ఊపిరి పీల్చుకునే చోటూ ఉంటుంది, కాయిల్ రిపుల్ కూడా తక్కువగా ఉంటుంది.

ఎంతది కొనాలి? లాప్‌టాప్‌కి 65 వాట్లు ఇవ్వాలంటే మీ బోర్డు 70 లాగుతుంది, దానికోసం కన్వర్టర్ బ్యాటరీ నుంచి 78 దాకా లాగుతుంది. 24 వోల్టులు 3 ఆంపియర్లు అంటే 72 వాట్లు, మరీ బిగుతు. 5 ఆంపియర్లది తీసుకోండి. ఇన్‌పుట్ హద్దు కనీసం 72 వోల్టులు ఉండాలి. ‘48 వోల్టులు’ అని మాత్రమే రాసి ఉండి గరిష్ఠం ఎంతో చెప్పనిదాన్ని కొనకండి. షాపుల్లో ఎక్కువగా దొరికే ఎల్ఎం2596 బోర్డులు 40 వోల్టులకే, ఎక్స్ఎల్4015వి 36 వోల్టులకే. ఎల్ఎం2576లో 60 వోల్టుల హెచ్‌వీ రకం ఉంది, కానీ 58 మీద 60 అంటే నాకు ధైర్యం చాలదు, దాని 3 ఆంపియర్లూ మీకు చాలవు.

దొరికితే ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటెడ్ రకం తీసుకోండి. అందులో ఇన్‌పుట్ వైపు మాస్‌ఫెట్ షార్ట్ అయినా బ్యాటరీ వోల్టేజి ఇటు దాటదు. టెలికాం పరికరాల్లో వాడే ‘బ్రిక్’ కన్వర్టర్లు ఇలాంటివే. వాటి ఇన్‌పుట్ 36 నుంచి 75 వోల్టులు, సరిగ్గా మీ బ్యాటరీకి కుదిరిన కొలత. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో పాతవి దొరకవచ్చు. పాతది కొంటే అవుట్‌పుట్ 24 వోల్టులదేనా అని నంబరు చూసి నిర్ధారించుకోండి, వాటిలో 12 వోల్టులవే ఎక్కువ.

మామూలు కన్వర్టరే పెడితే మాత్రం దాని తర్వాత, మీ బోర్డుకి ముందు, క్రోబార్ అనే రక్షణ సర్క్యూట్ ఒకటి పెట్టండి. 27 వోల్టుల జీనర్, బీటీ151 లాంటి ఎస్‌సీఆర్ (గేటుకి సంకేతం అందగానే ఆన్ అయ్యే స్విచ్), రెండు మూడు రెసిస్టర్లు, గేటు దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఇంతే. కన్వర్టర్ పోయి 24 వోల్టుల లైను 28కి చేరగానే జీనర్ గేటును తెరుస్తుంది, ఎస్‌సీఆర్ లైనును నెగెటివ్‌కి షార్ట్ చేసేస్తుంది, బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఎగిరిపోతుంది. పరీక్షల కోసం చదివిన ఎస్‌సీఆర్‌కి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదు. ఇది లేకుండా ప్రయాణికుల ఫోన్లు పెట్టనివ్వకండి.

ఫ్యూజు విషయంలో చాలామంది పొరబడతారు. కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజుల్లో ఎక్కువ వాటి రేటింగు 32 వోల్టులే. 58 వోల్టుల డీసీ మీద అది కరిగినా, తెగిన చోట ఆర్క్ నిలబడి కరెంటు పారుతూనే ఉండొచ్చు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ తనంతట తనే ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. అందుకని 250 వోల్టులు ఏసీ అని రాసిన గాజు ఫ్యూజు చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. కనీసం 80 వోల్టులు డీసీ అని స్పష్టంగా రాసిన 5 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలోపే ఉండాలి. తాళం తీసినప్పుడే కరెంటు వచ్చేలా లైను తీసుకుంటే, బండి రోజుల తరబడి నిలిపి ఉంచినా బోర్డు బ్యాటరీని పీల్చదు.

కన్వర్టర్ ఇన్‌పుట్ దగ్గర 100 వోల్టుల, 100 లేదా 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ ఒకటి వేయండి. పొడుగు వైరు చివర ఉత్త సిరామిక్‌లే ఉంటే, తాళం తిప్పిన క్షణంలో వైరు ఇండక్టెన్సూ సిరామిక్ కెపాసిటెన్సూ కలిసి ఊగి, వోల్టేజిని బ్యాటరీకి దాదాపు రెట్టింపు దాకా తీసుకెళ్తాయి. ఎలక్ట్రొలిటిక్‌కి ఉండే కాస్త లోపలి రెసిస్టెన్సు ఆ ఊపును చంపేస్తుంది. కంట్రోలర్ స్పైకుల కోసం ఎస్ఎంబీజే58ఏ టీవీఎస్ డయోడ్ కూడా వేయవచ్చు. కానీ అది గట్టిగా పట్టుకునేది 93.6 వోల్టుల దగ్గర. కాబట్టి దాని వెనక ఉన్నవి 100 వోల్టుల భాగాలైతేనే పూర్తి రక్షణ, 72 వోల్టుల కన్వర్టర్‌కి కొంత సాయం మాత్రమే.

బిగించే ముందు బల్ల మీద పరీక్షించండి. టైప్-సీ సాకెట్లో మల్టీమీటర్ పెడితే 0 చూపిస్తుంది, బోర్డు పోయిందని టెన్షన్ పడకండి. అవతల ఫోనో, మరో పరికరమో గుచ్చి సీసీ పిన్ను మీద 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్ కనబడేదాకా టైప్-సీ ఛార్జరు 5 వోల్టులు కూడా వదలదు. ఫోనుకి బదులు తానే ఛార్జరును వోల్టేజి అడిగే పీడీ ట్రిగ్గర్ బోర్డు చవగ్గానే వస్తుంది. దాన్ని 20 వోల్టులకు పెట్టి, దాని అవుట్‌పుట్‌కి 6.8 ఓమ్‌ల 100 వాట్ల రెసిస్టర్ తగిలించండి. దాదాపు 3 ఆంపియర్లు, 59 వాట్లు పోతాయి. ఆ రెసిస్టర్ బాగా కాలుతుంది, చెయ్యి పెట్టకండి. బోర్డునూ కన్వర్టర్‌నూ మీరు బిగించబోయే పెట్టెలోనే మూతపెట్టి కనీసం ఒక గంట నడపండి. రెండింటిలో కలిపి 13 వాట్ల దాకా వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం కాకినాడలో సీటు కింది అర ఎంత కాగుతుందో మీకే తెలుసు, అందుకని ప్లాస్టిక్ డబ్బా కాకుండా అల్యూమినియం పెట్టె తీసుకుని, బండి ఇనుముకి ఆనేలా బిగించండి. సర్క్యూట్‌కీ పెట్టెకీ మధ్య ఇన్సులేషన్ ప్యాడ్ మరిచిపోవద్దు. క్రోబార్‌ని విడిగా, బెంచ్ సప్లై కరెంటు లిమిట్‌ని 1 ఆంపియర్‌కి పెట్టి పరీక్షించండి. వోల్టేజి మెల్లగా పెంచుతూ పోతే 28 దగ్గర టక్కున కూలిపోవాలి.

రెండు మెట్లు ఎందుకు, ఒకే మెట్టులో 58 నుంచి పీడీ చేయలేమా అని మీకు అనిపిస్తే, చేయగలం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మంచి విషయం కూడా. అప్పుడు ఈ బోర్డును పక్కన పెట్టేసి, మాట్లాడే ఐసీనీ దించే ఐసీనీ వేరువేరుగా తీసుకోవాలి. దించడానికి 100 వోల్టుల దాకా తీసుకునే ఎల్ఎం5116 లాంటి కంట్రోలర్, బయట 100 వోల్టుల మాస్‌ఫెట్లు రెండు. మాట్లాడటానికి టీపీఎస్25740 లాంటి పీడీ సోర్స్ ఐసీ. దాని కంట్రోల్ పిన్నులు కంట్రోలర్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లను మార్చి అవుట్‌పుట్‌ను 5 నుంచి 20కి తీసుకెళ్తాయి. ఇక్కడ తిప్పలు పెట్టేది 20 కాదు, 5 వోల్టులే. 58 నుంచి 5 అంటే స్విచ్ ప్రతి చక్రంలో 9 శాతం కంటే తక్కువ సేపే ఆన్‌లో ఉండాలి. 200 కిలోహెర్ట్జ్ దగ్గర అది 0.43 మైక్రోసెకండు, ఫర్వాలేదు. కాయిల్ చిన్నదవుతుందని 500 కిలోహెర్ట్జ్‌కి పోతే 0.17కి వస్తుంది, అక్కడ కొన్ని కంట్రోలర్లు పల్సులు ఎగరగొట్టడం మొదలుపెడతాయి. స్విచింగ్ నష్టం కూడా వోల్టేజితో, వేగంతో పెరుగుతుంది కాబట్టి ఇక్కడ నిదానమే మేలు. ముందు రెండు మెట్లది బండిలో పెట్టి నడిపించండి, ఇది తీరిగ్గా బల్ల మీద చేసుకోండి.

కేబుల్ ఒకటి మిగిలింది. 65 వాట్లంటే 3.25 ఆంపియర్లు, మామూలు టైప్-సీ కేబుల్ హద్దు 3. తన హద్దు ఎంతో ఛార్జరుకు చెప్పే ఈ-మార్కర్ చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ లేకపోతే పీడీ బోర్డు 60 వాట్ల దగ్గరే ఆపేస్తుంది, అది బోర్డు తప్పు కాదు. అలాగే బండి రాత్రి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్‌గానీ ఫోన్‌గానీ దీనికి పెట్టవద్దని మీ అన్నయ్యకి చెప్పండి. వోల్టేజి గరిష్ఠంగా ఉండేది అప్పుడే, ఛార్జర్ చవకరకమైతే ఇంటి కరెంటుకీ మీ చేతిలోని ఫోనుకీ మధ్య అడ్డు ఎంత గట్టిదో నమ్మలేం.